మామ్మగారి ఆరు వంగమొక్కలు

ఆ రోజుల్లో ఒళ్ళు అలిసేదే కాదని ఈ మధ్య అందరి దగ్గరా అంటున్నాను గానీ, అది అబద్ధం. అప్పుడూ అలిసేది. ఆత్రేయపురం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ టీచరుగా చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. పొద్దున్న ఏడున్నరకి వెళితే స్టడీ అవర్ ముగించుకుని ఆరున్నరకి తిరిగి రావడం. (బయాలజీతో పాటు సోషలూ, డ్రిల్లూ, ఒకసారి కరస్పాండెంటు గారి అమ్మాయికి గోరింటాకు పెట్టడమూ నా పనులే.) ఇప్పుడు రాజమండ్రిలో రెండంతస్తుల మెట్లెక్కి డాబా మీది కుండీలకి ఎండుటాకులు మోస్తూ, మధ్య మెట్టు మీద కూలబడినప్పుడల్లా నాకు ఆ ఏడాది ఏప్రిల్ నెల గుర్తొస్తుంది.

అప్పుడు నేను మామ్మగారింట్లో వీధివైపు గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు, ఇంటావిడ. ఊరంతా అలా పిలుస్తారని నేనూ పిలిచాను. ఆవిడ పెరట్లో ఒక వంగ మడి ఉండేది. ఊదా రంగు మీద తెల్ల చారలు, తొడిమకి ముళ్ళు, గుత్తికూర వండితే నోట్లో కరిగిపోయే రకం. పెళ్ళైనప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనమట. ఏటా ఒక కాయని మొక్క మీదే పండనిచ్చి, గింజలు తీసి, బూడిదలో కలిపి సీసాలో దాచేవారు. ఆ ఏడు సీసాలోకి చెమ్మ చేరింది. ఉన్న విత్తనమంతా పోస్తే ఆరంటే ఆరే మొక్కలు లేచాయి. అవి పోతే ఆ వంగ ఇంక లేదు. సరిగ్గా అప్పుడే ఆవిడకి కంట్లో శుక్లం తీయించాల్సి వచ్చి, రాజమండ్రిలో చెల్లెలి గారింటికి రెండు వారాలకి బయల్దేరారు.

"అమ్మాయ్, నువ్వు మొక్కల టీచరువి కదా, నీ చేతిలో పెట్టి వెళ్తున్నాను. రెండు పూటలా నీళ్ళు పొయ్యి. ఎండ ముదిరితే మొక్కల మొదళ్ళలో ఎండిన అరటాకులు కప్పు, చెట్ల కిందే పడున్నాయి," అన్నారు.

రెండు పూటలా అంటే బోరు దగ్గర్నుంచి పది బిందెలు. మూడో రోజుకే నా ఉత్సాహం చల్లారింది. అప్పుడు నేనే క్లాసులో చెప్పిన పాఠం గుర్తొచ్చింది: నేలని కప్పి ఉంచితే తడి ఆరదు, కలుపు రాదు. కప్పడానికి ఏం తేవాలి? ఎండిన అరటాకులు మాసిన గుడ్డల్లా ఉన్నాయి. కొబ్బరి పీచు మంచిదే, కానీ డొక్కలు కొట్టి పీచు లాగే ఓపిక ఎవరికి? పుస్తకంలో బొమ్మలో మాత్రం మొక్క చుట్టూ బంగారు రంగు గడ్డి ఉంది. అదే కావాలనిపించింది. రెండో పంట, దాళ్వా వరి కోతల రోజులు కావడంతో పక్కింటి బాబాయి గారి దొడ్డి నిండా గడ్డే. పందెం కోళ్ళని పెంచే పెద్దమనిషి ఆయన.

"ఎంత కావాలంటే అంత పట్టికెళ్ళండి టీచరు గారూ. మిషను కోసిన గడ్డండి, గింజ ఉండిపోద్ది. ఓసారి దులుపుకోండి."

నేను దులపలేదు. రోజంతా ముప్పై నోట్‌బుక్కుల్లో కిరణజన్య సంయోగక్రియ దిద్దినదాన్ని, గడ్డి కూడా దులపాలా? ఐదు మొక్కలకి ఒత్తుగా పరిచేసరికి గడ్డి అయిపోయింది. మళ్ళీ వెళ్ళే ఓపిక లేక, ఆరో మొక్క మొదట్లోకి రెండు ఎండిన అరటాకుల్ని కాలితో నెట్టి వచ్చేశాను.

నాలుగు రోజులు స్వర్గం. పూటకి ఐదు బిందెలు పోసేదాన్ని, రెండు రోజులకోసారి రెండు బిందెలతో సరిపెట్టాను. గడ్డి పరిచిన ఐదో రోజున మడంతా పచ్చగా లేచింది. వరి మొలక! తడి తగిలిన గింజలన్నీ కలిసి వంగ మడిని నారుమడి చేశాయి. (బయాలజీ టీచరుని కదా, మొదటి రోజు దాన్ని చూసి గడ్డి జాతి ఏదో అనుకుని ఊరుకున్నాను.) ఏడో రోజున గోడ దూకి డేగ వచ్చింది. డేగ అంటే బాబాయి గారి ఎర్ర పుంజు. రోజూ బాదం పప్పూ, ఉడికించిన గుడ్డూ తినే ఆ దొరకి నా మొలకలు అంత రుచించాయెందుకో! నేను స్కూలు నుంచి వచ్చేసరికి మడంతా కెలికి ఉంది, రెండు వంగమొక్కలు వేళ్ళు పైకి పెట్టి పడున్నాయి.

"రాయి మాత్రం విసరకండి టీచరు గారూ," అన్నారు బాబాయి గారు గోడ మీంచి, కంగారుగా. "దాని కాలికేవన్నా అయితే నా గుండాగిపోద్దండి."

గడ్డి తీసి పారేయొచ్చు కదా అంటారేమో. తీస్తే మళ్ళీ పది బిందెలు! డేగ మళ్ళీ గోడ దూకి, ఆ బద్ధకానికి ఇంకో మొక్క పోయింది. చివరికి తీశాను గానీ, నేలలో నాటుకున్న వరి మొలకలు అలాగే ఉండిపోయాయి, వేళ్ళు కదిలిపోయిన మిగతా రెండూ ఎండకి వాలిపోయాయి. ఇక ప్రతి సాయంత్రం మామ్మగారి ఫోను. "ఆరూ బాగున్నాయా?" "బాగున్నాయండి." ఆరు నాలుగయ్యాయి, నాలుగు మూడయ్యాయి, మూడు ఒకటయ్యాయి, నా జవాబు మాత్రం మారలేదు. ఆవిడకి చూపు ఆనదు కదా, లెక్క ఎలా తెలుస్తుందిలే అని నా ధైర్యం. ఆపరేషన్ చేసేది చూపు రావడానికేనన్న సంగతి, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, నాకు తట్టనే లేదు.

ఆవిడ ఆటో దిగి, పెరటి గుమ్మంలో నల్ల కళ్ళజోడు తీసి, అక్కణ్ణుంచే అన్నారు. "ఏంటమ్మాయ్, నా మడిలో ఊడ్పులకి నారు పోశావా?" తర్వాత పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకున్నారు. ఒకటి దగ్గర ఆగిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. నేను అక్కడే నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను.

ఆవిడ మిగిలిన మొక్క దగ్గర పీట వేయించుకుని కూర్చుని, అరటాకు కింద చెయ్యి పెట్టి మట్టి తడి చూశారు. "దీనికెందుకు అరటాకు వేశావు?" "గడ్డి చాల్లేదండి." "పోనీలే, నీ ఓపిక అయిపోబట్టి ఇదొక్కటైనా బతికింది," అన్నారు.

ఆ మొక్క తొలికాయని ఆ ఏడు ఎవరూ కొయ్యలేదు. తొలకరికి పసుపుపచ్చగా పండాక, మామ్మగారు గింజలు ఆరబెట్టి రెండు పొట్లాలు కట్టి, ఒకటి నా చేతిలో పెట్టారు. "నాకెందుకండీ? ఐదింటిని చంపినదాన్ని," అన్నాను.

"అందుకేనే. ఒక్క చోటే ఉంటే ఏమవుద్దో చూశాం కదా. నీ దగ్గరా ఉండాలి."

ఆ వంగే ఇప్పుడు మా డాబా మీద కాస్తోంది. ఎండిన అరటాకులే కప్పుతాను, కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళు ఎడంగా. మామ్మగారికి రెండో కన్నూ బాగైంది, వేసవి రాగానే ఫోను చేస్తారు. "ఎన్నున్నాయే?" నేను మోకాళ్ళు పట్టుకుని రెండంతస్తులూ ఎక్కి, ఆయాసపడుతూ ఒక్కో కుండీ ముట్టుకుని లెక్కపెట్టి మరీ చెబుతాను. "నాలుగండి. ఒకటి మొన్న చచ్చిపోయిందండి." అటు నుంచి నవ్వు వినిపిస్తుంది. "నావి మూడేనే. జాగ్రత్త!"

అప్పుడు గడ్డి దులపలేకపోయిన ఆ పిల్ల, ఇప్పుడు లెక్క చెప్పడానికి ఇన్ని మెట్లెక్కుతోంది.