గుండుతో పరిగెత్తిన ఎనిమిది వందల మీటర్లు

చెప్పబోయేది ఒక మహాగాథ. అవమానం, పోరాటం, మండుటెండలో ఒక ఆడపిల్ల పరుగు, అన్నీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే మూడు నిమిషాల్లోపు అయిపోయిన ఎనిమిది వందల మీటర్ల పందెం, అంతే. కానీ గ్రౌండులో గీతలు గీయడానికి సున్నం బస్తా విప్పి, ఆ ఘాటు ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు సలోమి మేడం గుర్తొస్తారు. ఇప్పుడు నేనూ ఆమెలాగే వ్యాయామ టీచర్ని. గీతలు మాత్రం ఆమెవంత తిన్నగా రావు.

మాది రాచర్ల దగ్గర పల్లె. నాయనకు గొర్రెలున్నాయి. తొమ్మిదో తరగతిలో ఒకరోజు మందలోంచి తప్పించుకున్న పొట్టేలును తరుముతూ బడి గ్రౌండులోకి వచ్చి పడ్డాను. మేడం నోట్లోంచి విజిల్ తీసి, "ఏందిమే, దాన్ని నువ్వు తరుముతుండావా, నిన్నది తరుముతుందా?" అన్నారు.

"పొట్టేలునడిగి చెప్తా మేడం."

"రేపట్నుంచి పొద్దున్నే రా. పొట్టేలు రానక్కర్లే."

నా క్రీడాజీవితం అలా మొదలైంది. పొట్టేలూ తక్కువది కాదు, దానికెవరూ అవకాశం ఇవ్వలేదు.

మరుసటి ఏడాది మార్కాపురంలో పోటీలు. నెల ముందే ఇంటి మొక్కు తీర్చడానికి నాకు గుండు చేయించారు. దానికి తోడు మంద వెంట అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు, గొర్రెపిల్లల్ని మోసి వెడల్పైన భుజాలు. పొద్దున హీట్స్‌లో, అంటే ఫైనల్‌కు ముందు పెట్టే పందెంలో, మొదట వచ్చాను. నా వెనక రెండో స్థానంలో వచ్చిన పిల్ల తాలూకు సారు నేరుగా నిర్వాహకుల బల్ల దగ్గరికి వచ్చారు.

"ఇది ఆడపిల్లేనా? ఆ గొంతేంది, ఆ తలేంది? పరీక్ష చేపిచ్చాల్సిందే. లేకుంటే ఫైనల్లో దించొద్దు."

నిర్వాహకుడు మధ్యేమార్గం కనిపెట్టాడు. "గొడవెందుకు మేడం? పక్క గదిలోకి పిల్చి ఎవరన్నా లేడీ టీచరు చూస్తే రెండు నిమిషాల పని."

నా దగ్గరున్న జోకులన్నీ అక్కడితో అయిపోయాయి. ఆ గది తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను. నీలం రంగు తలుపు, గడియ లేదు.

మేడం చేతిసంచిలో బైబిలు పక్కనుండే పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. "రూల్సు పుస్తకం సార్. గదిలోకి పిల్చుకపొయ్యి చూడమని ఏ పేజీలో ఉందో చూపించండి. ఉంటే ఫైనల్లో దిగే ఎనిమిది మందినీ చూద్దాం. మీ పిల్లతోనే మొదలుపెడదాం."

ఆ పిల్ల పక్కనే ఉంది. "నాకొద్దు సార్" అంది, ఏడుపు ఆపుకుంటూ.

"ఇంక గుండు సంగతంటారా, ఆ జుట్టు వాళ్ళ దేవునికిచ్చినారు. నేను చర్చికి పొయ్యేదాన్ని. పొయ్యి తిరిగిమ్మని అడగను, ఆయనతో నాకంత పరిచయం లేదు" అన్నారు మేడం.

నిర్వాహకుడు పుస్తకం అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తిరగేశాడు. అలాంటి పేజీ దొరకలేదు. నా పేరు జాబితాలో ఉండిపోయింది.

మధ్యాహ్నం షామియానా కింద పులిహోర పొట్లం ముందు పెట్టుకుని అడిగాను. "నిజంగా పరీక్ష చేసి, అందులో ఏమన్నా తేడా వచ్చుంటే మేడం?"

ఆమె తన పొట్లం దారం విప్పారు. "వచ్చుంటే డాక్టరమ్మ దగ్గర కూర్చోని మాట్లాడేవాళ్ళం. ఇంటికి పొయ్యే ఆటోలో నా పక్క సీటు అప్పుడూ నీదే. ఆ పిల్ల ఏడుపు గూడా అబద్ధం గాదుమే. సమానమైన పందెం కావాలనుకోవడం తప్పుగాదు. గానీ రూలనేది పందెం ముందర రాసుకోవాల, అందరికీ రాసుకోవాల. ఓడిపోయినాక ఒకరి గుండు చూసి గాదు. తిను, చల్లారిపోతాది."

ఫైనల్లో నాకు నాలుగో స్థానం వచ్చింది. పరీక్ష చేయమని ఎవరూ అడగలేదు. నాలుగో స్థానంలో వచ్చిన ఆడవాళ్ళ మీద లోకానికి ఎన్నడూ అనుమానం రాదు.

ఇప్పుడు పెద్ద పోటీల్లో ఆడవాళ్ళందరికీ జన్యు పరీక్ష పెట్టడం గురించి ఫోన్లలో ఒకటే వాదన. బస్టాండు దాకా నడవనివాళ్ళకు కూడా గట్టి అభిప్రాయాలున్నాయి. స్టాఫ్ రూములో నన్నూ అడుగుతారు. పుట్టుకతో వచ్చే బలం పందెంలో పనిచేస్తుందని నాకు తెలుసు. ఎక్కడ గీత గీయాలన్నది డాక్టర్లలోనే ఇంకా తేలలేదు. నాకు చేతనైన గీత సున్నంది. దాన్ని పందెం ముందే గీస్తాం, అన్ని వరసలూ ఒకే వెడల్పు. ఒక్క పిల్లను వేలెత్తి చూపించి గదిలోకి పంపడాన్ని మాత్రం నేను పరీక్ష అనను.

రిటైరైన రోజు మేడం ఆ పుస్తకం నాకిచ్చారు. పాతది, అందులో సగం రూల్సు మారిపోయాయి. అయినా ప్రతి పోటీకీ తీసుకెళ్తాను. ఒకసారి ఒకాయన మా పిల్లను చూపించి "ఈ అమ్మాయి..." అని మొదలుపెట్టగానే, పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాను. ఆయనకు టీ తాగాలని గుర్తొచ్చింది. మిగతా పోటీల్లో దాన్ని ఎంట్రీ ఫారాల మీద బరువుకు పెడతాను. పోటీలు ఇప్పటికీ మార్కాపురంలోనే, ఆ గ్రౌండులో గాలి ఎక్కువ.