అరవై రెండో పాయింటు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నేను నమ్మేవి మూడే: టెస్టరు, టేపు, గీతలున్న నోటుపుస్తకం. చదివింది ఏడో తరగతి. కరెంటు పని మోటారు వైండింగు షాపులో కూర్చుని నేర్చుకున్నాను. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. కాబట్టి దీన్ని భయస్తుడి మాటగా చదవకండి. లెక్క కుదరని మనిషి మాటగా చదవండి.

ఇది 1985 ఎండాకాలంలో, అబుదాబి పక్కన బనియాస్‌లో జరిగింది. ఖమీస్ అని ఒక అరబ్బు, నలభై అయిదేళ్ల మనిషి, నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. కాంట్రాక్టరును పెట్టుకోకుండా తనే ఎండలో నిలబడి ఇల్లు కట్టించుకుంటున్నాడు. నాకూ, మేస్త్రి గంగన్నకూ కఫీల్ ఆయనే, అంటే మా వీసాలు ఆయన పేరు మీదే ఉండేవి. నన్ను ‘ముహందిస్’ అని పిలిచేవాడు. ఇంజనీరు అని అర్థం. మొదట్లో పొంగిపోయాను. పక్క వీధిలో మేకలు కాసేవాణ్ణి కూడా అలాగే పిలుస్తాడని తర్వాత తెలిసింది.

గంగన్నది నిర్మల్ దిక్కు. చెయ్యి బంగారం, మనసు పిరికి. పని మొదలైన రోజున గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. మధ్యాహ్నం అన్నం వేళకు ఖమీస్ ఆ నిమ్మకాయను తెంపి వేయించిన చేప మీద పిండుకున్నాడు.

“ఇగ అయిపాయె. ఈ ఇంటికి కావలి లేదు,” అన్నాడు గంగన్న.

నేను నవ్వాను. నవ్వానని ఒప్పుకోవాలి.

ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇక్కడ ఒక మాట. ప్లాస్టరు పడితే గోడ నోరు మూసుకుంటుంది. లోపల పైపు ఎటు పోయిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. అందుకే ప్లాస్టరుకు ముందే ప్రతి గోడకూ ఒక పేజీ కేటాయించి బొమ్మ వేసుకోండి. ప్లగ్గు డబ్బా గోడ మూల నుంచి ఎన్ని అడుగులు, నేల నుంచి ఎన్ని అంగుళాలు అన్నది రాసుకోండి. నేను రాయనిదే గంగన్నను తాపీ పట్టనిచ్చేవాణ్ణి కాదు. “నీ పుస్తకం లేకుంటే గోడ నిలవడదా అన్నా?” అని ఎగతాళి చేసేవాడు. కానీ గతంలో నేను పనిచేసిన ఇళ్లవాళ్లు మేకు కొట్టాలన్నా నాకు కబురు పెట్టేవారు. నా పుస్తకంలో ఉన్నది గోడలో ఉంటుంది, లేనిది ఉండదు. నా పేరు ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

ఖమీస్ ఇంట్లో అరవై ఒక్క పాయింట్లు. తీగ గోడలోంచి గానీ, కప్పులోంచి గానీ బయటికి వచ్చే ప్రతి చోటా ఒక ఇనుప డబ్బా, ఒక డబ్బా అంటే ఒక పాయింటు. నక్షాలో అరవై ఒకటి, పుస్తకంలో అరవై ఒకటి. కొన్న డబ్బాలు అరవై అయిదు, అట్టపెట్టెలో మిగిలినవి నాలుగు. ఇంతకంటే శుభ్రమైన లెక్క ఉండదు.

ఆ లెక్క వెనక ఒక మనిషి ఉంది. ఖమీస్ తల్లిని మేమంతా ఉమ్మా అనేవాళ్లం. పక్కనే రేకుల షెడ్డులో మంచం మీద ఉండేది. ఆయాసం మనిషి. గాలి ఆడకపోతే కూర్చునే నిద్రపోయేది, అదీ అరగంట. ఎండాకాలం మొదలైంది, రంజాను దగ్గరపడింది. ఆ షెడ్డుకు కరెంటు లేదు. కొత్త ఇంటికి మీటరు రావాలంటే కరెంటు ఆఫీసు నుంచి మనిషి వచ్చి, పాయింట్లు లెక్కపెట్టి, నక్షాతో సరిపోయిందని సంతకం పెట్టాలి. సరిపోకపోతే కొత్త నక్షా గీయించాలి, మళ్లీ వరుసలో నిలబడాలి, కనీసం మూడు వారాలు. ఆ రేకుల కింద ఆమెకు ఇంకో మూడు వారాలు ఎక్కువని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

తనిఖీకి మూడు రోజుల ముందు, పొద్దున పది గంటలకు, చివరి లెక్క చూశాను. అరవై రెండు వచ్చింది.

ఎండదెబ్బ అనుకుని నీళ్లు తాగి, ఈసారి వెనకనుంచి లెక్కపెట్టాను. అరవై రెండు. గంగన్నను లెక్కపెట్టమన్నాను. యాభై ఎనిమిది చెప్పాడు. అతని లెక్కను పక్కన పెట్టి, ప్రతి డబ్బా మీదా సుద్దతో అంకె వేసుకుంటూ పుస్తకం పేజీ పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఉమ్మా గదిలో టిక్కు లేని డబ్బా దొరికింది.

తూర్పు గోడకు, ఉత్తరం మూల నుంచి అడుగున్నర దూరంలో ఉంది. నేలకు ఇరవై నాలుగు అంగుళాల ఎత్తు. నేను ఏ ఇంట్లో అయినా ప్లగ్గు డబ్బాను పదిహేను అంగుళాల దగ్గరే పెడతాను. ఇరవై నాలుగు నా జన్మలో పెట్టలేదు.

లోపల మూడు తీగలు ఉన్నాయి: ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. కొసలు రెండుసార్లు వెనక్కి మడిచి ఉన్నాయి. స్క్రూ గట్టిగా పట్టాలని అలా మడవడం వైండింగు షాపులో నాకు అలవాటైన పద్ధతి. ఆ సైటులో నేను తప్ప తీగ పట్టినవాడు లేడు.

“గంగా, ఈ డబ్బ ఎవడు వెట్టిండు?”

గంగన్న గడప అవతలే ఆగిపోయాడు. “నన్నడుగుతవేందే? ఈ గోడకు పూత వెట్టింది నేనే. డబ్బ ఉంటే సుట్టూ చెయ్యి దింపుకుంట పోవాలె, యాదికుండదా? ఎల్లమ్మ తల్లి మీదొట్టు, ఈడ సాఫ్ గోడనే ఉండె.”

“మరి గోడ కన్నదా?”

“నువ్వే వెట్టి మరిశినవేమో. వయసైతుంది గద.”

ఆ మాట గుచ్చుకుంది. వెంటనే అట్టపెట్టె తెచ్చి బోర్లించాను. నాలుగు డబ్బాలు పడ్డాయి. గోడలో అరవై రెండు, చేతిలో నాలుగు, మొత్తం అరవై ఆరు. కొన్నవి అరవై అయిదు. షాపు చీటీ కూడా అదే చెబుతోంది. మరుపు వల్ల పనులు తప్పుతాయి గానీ ఇనుప డబ్బాలు పుట్టవు. డబ్బా చుట్టూ ప్లాస్టరును తడి గుడ్డతో తుడిచి చూశాను. అతుకు లేదు, రంగు తేడా లేదు, వెంట్రుకంత పగులు లేదు. గోడ అంతటితో పాటే, ఒకే రోజు వేసిన పూత.

ఖమీస్‌కు చెప్పాను. “నువ్వు ఇంకో ఎలక్ట్రీషియన్ను పిలిచావా?” అని అడిగాను.

“వల్లా, నహీ,” అని ఒట్టేసి రెండు చేతులూ పైకెత్తాడు. “ఏక్ జ్యాదా? అల్‌హందులిల్లా! కమ్ హోతా తో ముష్కిల్.” ఒకటి ఎక్కువైతే దేవుడికి దండం పెట్టుకో, తక్కువైతే నన్ను పిలువు అని ఆయన లెక్క. అలాంటి లెక్కతో ట్యాంకరు నడపవచ్చు, మీటరు రాదు.

బ్యాటరీ, బెల్లు తెచ్చి ఆ తీగలకు కట్టాను. ఫ్యూజు బోర్డు దగ్గర అయిదో నంబరుకు తాకిస్తే బెల్లు మోగింది. బోర్డులో అయిదో నంబరు కింద నేను బిగించినవి ఎన్ని తీగలో అన్నే ఉన్నాయి. దారిలో ఉన్న డబ్బాలన్నీ విప్పి చూశాను. ఎక్కడా అదనపు అతుకు లేదు. ఆ తీగ బోర్డుకు చేరుతోంది, ఏ దారిన చేరుతోందో తెలియదు. తర్వాత మెగ్గరు పెట్టాను. గోడలో తడి ఉంటే, తీగ తొడుగు ఎక్కడైనా చిట్లితే పట్టిచ్చే యంత్రం అది. ఇంట్లో అన్ని పాయింట్లకంటే మంచి రీడింగు దానికే వచ్చింది. నాకది కొంచెం అవమానంగా కూడా తోచింది.

ఇక మిగిలింది ఒకటే దారి. తవ్వి, డబ్బా పీకి, గోడ పూడ్చాలి. పూత ఆరడానికి రెండు రోజులు సరిగ్గా చాలుతాయి.

“కొట్టు గంగా,” అన్నాను.

“నేను కొట్ట. దయ్యం వెట్టిన డబ్బను దయ్యాన్నే తీస్కపొమ్మను. నిమ్మకాయ పోయిన్నాడే చెప్పిన.”

సుత్తీ ఉలీ నేనే తీసుకున్నాను. మొదటి దెబ్బకు ప్లాస్టరు రాలేలోపే గుమ్మం దగ్గర ఖమీస్ గొంతు వినబడింది: “యా ముహందిస్! బస్, బస్!”

ఉమ్మా వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ గదిలోకి నడిచింది. ఆ ఇంట్లో ఆమె అడుగుపెట్టడం అదే మొదటిసారి. చూపు కూడా అంతంతమాత్రమే. గోడను తడుముకుంటూ నేరుగా ఉత్తరం మూలకు పోయి, ఒక చోట ఆగింది. అరచేయి సరిగ్గా డబ్బా మీద ఉంది. ఏదో అంది.

ఖమీస్ హిందీలో చెప్పాడు: “ఇక్కడ మంచం వేయమంటోంది. తల ఇటు, కాళ్లు అటు.”

గంగన్న భయం మరిచి లోపలికొచ్చాడు. “ఉత్తరం దిక్కు తలనా! అన్నా, నువ్వన్న చెప్పరాదె! ఉత్తరం తల వెడితే మనిషి లేస్తడా?”

నా తప్పు నాకు అప్పుడే తెలిసింది. గది నక్షా మీద మంచం గీసింది నేనే. ఖమీస్ “నీకు మంచిదనిపించిన చోట పెట్టు” అన్నాడు. నేను మా ఇంటి అలవాటు చొప్పున దక్షిణం తల పెట్టి, తలాపున ఫ్యాను ప్లగ్గు పెట్టాను. ఒక్క మాట అడగలేదు. వాళ్లు కుడి పక్కకు తిరిగి, మక్కా దిక్కు ముఖం పెట్టి పడుకుంటారు. అక్కడినుంచి మక్కా పడమర. అలా పడుకోవాలంటే తల ఉత్తరానికే రావాలి. టేపు తీశాను. నేను పెట్టిన ప్లగ్గు నుంచి ఆమె తలాపున ఫ్యాను పెట్టే పీటకు ఎనిమిది అడుగులు. ఆ ఫ్యాను తీగ అయిదడుగులు. చూపు ఆనని ముసలామె గదిలో నేల మీద అతుకుల తీగ పరచడం నేను ఒప్పుకోని పని. కొత్త డబ్బా నుంచి పీటకు ఒకటిన్నర అడుగు. ఎత్తు ఇరవై నాలుగు అంగుళాలు, అంటే మంచం మీద కూర్చున్న మనిషి వంగకుండా అందుకునే ఎత్తు.

సుత్తి కింద పెట్టాను. అది ఎవరు పెట్టినా, నాకంటే బాగా ఆలోచించి పెట్టారు.

తనిఖీ రోజున ఆఫీసు మనిషి పొద్దునే వచ్చాడు. నిజం చెప్పేద్దామనే నేను నిలబడ్డాను. ఆయన “ఎన్ని?” అనగానే ఆ రేకుల కింద మూడు వారాలు గుర్తొచ్చాయి. “మీరే లెక్కపెట్టండి సాబ్,” అన్నాను. అది అబద్ధం కాదు. ఆయన గదిగదికీ పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ పోయాడు. వెనక నేను వేళ్లు మడుచుకుంటూ నడిచాను.

ఉమ్మా గదిలో ఉమ్మా ఉంది. తెల్లవారగానే కొడుకు చేత చాప వేయించుకుని, తూర్పు గోడకు వీపు ఆనించి, ఉత్తరం మూలకు అడుగున్నర దూరంలో కూర్చుందట. నల్ల ముసుగు భుజాల మీదుగా గోడంతా పరుచుకుంది. ఆఫీసు మనిషి సలాం చెప్పాడు. ఆమె ఆయన తల్లి ఆరోగ్యం అడిగింది, పిల్లలెందరని అడిగింది, ఖర్జూరాలు ఇచ్చింది. ఆయాసంతో మాట మాటకూ ఆగే మనిషి ఆ పూట ఆగనే లేదు. పెద్దావిడను లేవమని ఎవరంటారు?

“అరవై ఒకటి. తమామ్, అంతా సరిపోయింది,” అని ఆయన సంతకం పెట్టాడు.

గంగన్న నా చెవిలో అన్నాడు: “నీ పుస్తకమే గెలిచింది గదనే, ఏడుస్తవేంది?”

నాలుగో రోజు మీటరు వచ్చింది. ఉమ్మా మంచం మీద కూర్చుని, వంగకుండా చెయ్యి చాపి తనే స్విచ్చు వేసింది. ఫ్యాను తిరిగింది. “జేన్,” అంది, బాగుంది అని. ఆ మధ్యాహ్నం ఆమె మూడు గంటలు పడుకుని నిద్రపోయింది. గడియారం చూసి రాసుకున్నాను. మరుసటి ఏడు ఏసీ పెట్టినప్పుడు నక్షా మార్పించి కాగితం మీద కూడా అరవై రెండు చేయించాను. అప్పటిదాకా నాకు మనసు కుదుట పడలేదు.

అక్కడ డబ్బా ఉందని ఉమ్మాకు ముందే తెలుసా అని ఖమీస్‌ను ఒకసారి అడిగాను. తల్లిని అడిగి వచ్చి చెప్పాడు: “ముహందిస్ మంచివాడు, అడక్కుండానే పెట్టాడు అంటోంది.”

ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఆ గది పేజీలో తూర్పు గోడకు ఒకటే డబ్బా, దక్షిణం వైపు. షాపు చీటీ కూడా అందులోనే అంటించి ఉంది. అరవై రెండూ నాలుగూ ఏ దేశంలో కూడినా అరవై ఆరే. ఆ ఒక్క డబ్బా ఎక్కడిదో నాకు ఈ రోజుకూ తెలియదు.

ఊరికి వచ్చాక నేనూ ఒక ఇల్లు కట్టుకున్నాను. మంచాలు ఎటు, పీటలు ఎటు అని అందరినీ అడిగి మరీ నక్షా గీశాను. ముప్పై నాలుగు పాయింట్లు. అంతా అయ్యాక లెక్కపెట్టాను, ముప్పై నాలుగు. మళ్లీ లెక్కపెట్టాను. మూలలు తడిమాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏం దేవులాడుతున్నవ్? అందర్నీ అడిగినవు గని వంటింట్ల నన్నడిగినవా? మిక్సీకి ప్లగ్గేది?”

వంటింటి గోడకు వారం రోజులు సమయం ఇచ్చాను. ఎవరూ వచ్చి పెట్టలేదు. ఎనిమిదో రోజున ఉలి తీసుకున్నాను.