రెండో గుండు

జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో తుపాకులు బాగుచేయడం నా పని. మామూలుగా ఆయుధాల గది దాటి బయటికి రాను. ఆ పోలింగ్ రోజున మాత్రం మనుషులు చాలక నన్నూ బందోబస్తుకు పంపారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దులో, చుట్టూ మిరపకాయల కళ్లాలున్న పల్లె అది. మేం నలుగురం: నేను, ఒక హెడ్ కానిస్టేబులు, ఇద్దరు హోంగార్డులు. రైఫిల్ ఒక్క హెడ్డు దగ్గరే ఉంది.

మధ్యాహ్నం పోలింగ్ జరుగుతున్న బడి గేటు దగ్గర రెండు పార్టీల ఏజెంట్లకు మాటామాటా పెరిగింది. చూస్తుండగానే రెండు వర్గాలూ కర్రలు, రాళ్లతో రోడ్డు మీద పడ్డాయి. ఎవరో కారం చల్లారు. మండే కళ్లతోనే చూశాను. ఒక ఏజెంటును కింద పడేసి ఇద్దరు వేటకొడవళ్లతో నరుకుతున్నారు. అతను కుడిచెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు.

హెడ్డు ఆగమని అరిచి, గాల్లోకి కాల్చాడు. జనం నిలిచిపోయారు. నరికేవాళ్లు కూడా తలెత్తారు. మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే ఏ చప్పుడూ రాలేదు.

"ఆళ్ల తుపాకీ పన్జెయ్యట్లేదురా!" అని ఎవడో కేకేశాడు. కొడవళ్లు మళ్లీ లేచాయి.

"ఒరేయ్, ఏదో పట్టేసింది, చూడు!" అంటూ హెడ్డు రైఫిల్ నా చేతిలో పెట్టాడు. అంతలో రాయి తగిలి, నుదురు పగిలి కూలబడ్డాడు.

తూటాల మ్యాగజైన్ ఊడదీసి బోల్టు వెనక్కి లాగాను. కొత్త తూటా కింద పడింది. దాని ముందు, పేలిన తూటా ఖాళీ గొట్టం చాంబరులోనే బిగుసుకుని ఉంది. దాన్ని బయటికి లాగాల్సిన కొక్కెం జారిపోయింది. గొట్టాన్ని తుపాకీ మూతి వైపునుంచి కడ్డీతో పొడిస్తే తప్ప రాదు. కడ్డీ మా జీపులో ఉంది. పరుగెత్తాను. వీపు మీద కర్రదెబ్బలు పడుతున్నా ఆగలేదు. కడ్డీ దూర్చి రెండుసార్లు బలంగా పొడిస్తే గొట్టం ఊడింది. మ్యాగజైన్ పెట్టి గాల్లోకి కాల్చాను. ఈసారి కొక్కెం పట్టింది, వెంటనే ఇంకోటి కాల్చాను. జనం కళ్లాల్లోకి పారిపోయారు.

ఏజెంటు బతికాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర పోయింది.

మర్నాడు రైఫిల్ విప్పితే కొక్కెం అంచు అరిగి, చిట్లి ఉంది. ఆ అరుగుదల నేను అంతకుముందు తనిఖీలోనే చూశాను. స్పేర్ లేదని, తుడిచి నూనె రాసి, బాగానే ఉందని సంతకం పెట్టాను. విచారణలో అదే చెప్పాను.

"స్పేర్ కావాలని రాశారా?" అని ఆఫీసరుగారు అడిగారు.

"లేదండి."

నన్ను కొన్నాళ్లు సస్పెండ్ చేశారు. హెడ్డు కుట్లతో ఇంటికెళ్లాడు.

దాడి కేసు వాయిదాకు ఒంగోలు వెళ్లినప్పుడు కోర్టు వరండాలో ఆ ఏజెంటు కూర్చుని కనిపించాడు. ఖాళీ చొక్కాచెయ్యి మడిచి పిన్ను పెట్టుకున్నాడు.

"ఆ రోజు రెండోసారి వెంటనే ఎందుకు కాల్చలేదండీ?"

నా సంతకం సంగతి కూడా దాచకుండా చెప్పాను.

"మొదటి దెబ్బకే చెయ్యి పోలేదండి. మీ తుపాకీ ఆగిపోయాకే పోయింది," అన్నాడతను.

అంతలో లోపల్నుంచి పిలుపొచ్చింది. అతను లేచి వెళ్లాడు. నేను గోడకు ఆనుకుని, నా పిలుపు కోసం నిలబడ్డాను.