మూలన ఆకుపచ్చ పోగు

పండరికి మొదట తన కళ్ల మీదే అనుమానం వచ్చింది. వరంగల్ కొత్తవాడలో నలభై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్న మనిషి. అంచు వెంట్రుకవాసి వంకర పోనివ్వడని పేరు. అలాంటివాడు తన గుర్తు తానే తప్పుతున్నాడు. వాళ్ల సొసైటీలో ప్రతి నేతగాడూ జంపఖానా మూలన తన రంగు పోగు ఒకటి వేస్తాడు. ఏది ఎవరి పనో దాన్ని బట్టే తెలుస్తుంది. పండరిది పసుపు. ఈ నెలలో మూడుసార్లు, సరుకు అప్పజెప్పబోతూ చూసుకుంటే, మూలన ఆకుపచ్చ పోగు ఉంది.

ఆకుపచ్చ గుండయ్యది. గుండయ్య మగ్గం దిగి పద్దెనిమిదేళ్లయింది.

హనుమకొండ వెళ్లి కంటి డాక్టరుకు చూపించుకున్నాడు. కొత్త అద్దాలు వచ్చాయి. వాటితో ఆకుపచ్చ ఇంకా బాగా కనిపించింది, అంతే.

ఆ పోగు విప్పుతూ కూర్చుంటే కూతురు మహిత వచ్చి పక్కన చతికిలబడింది. యూనివర్సిటీలో సైకాలజీ చదువుతోంది. చదివిన ప్రతి పాఠమూ ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించందే ఆ పిల్లకు అన్నం సయించదు.

“బాపూ, గీ పచ్చపోగు ఎవలది?”

“ఎవలదైతేంది? పరాకుల చెయ్యి ఏసింది.”

“చెయ్యి ఉత్తగ ఎయ్యది బాపూ. మనసుల పైకి కనపడేది జరంతనే. కింద ఇంకా శానా ఉంటది, అన్‌కాన్షస్ అంటరు. మనకు సిగ్గనిపించేటివి, భయమనిపించేటివి అండ్ల తొక్కిపెడ్తం. లోపల పెద్దమనిషి లెక్క ఇంకోడుంటడు, తప్పు చేస్తే ఊకోడు, గెలుకుతనే ఉంటడు. తొక్కిపెట్టింది నోట్లకెళ్లి రాకుంటే కలల వస్తది, చేతులకెళ్లి వస్తది.”

“అంటే నాకు పిచ్చి లేసిందా బిడ్డా?”

“పిచ్చి గాదు బాపూ. నువ్వేదో చెప్పాలనుకుంటానవ్.”

నవ్వుతూ అనేసి, ఫోన్ మోగితే లేచి వెళ్లిపోయింది. పండరి విప్పిన పోగును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

తనకు తెలియకేం? తెలియదని ఇన్నేళ్లూ తన దగ్గర తానే బుకాయించాడు. పద్దెనిమిదేళ్ల కింద ఒక పెద్ద ఆర్డరు వస్తే తనూ గుండయ్యా పక్కపక్క మగ్గాల మీద నేశారు. తొందరలో పండరి నేసిన ఒకటి వదులువదులుగా, అంచులు పాములా మెలికలు తిరిగి వచ్చింది. ఇక పని ఇవ్వరని హడలిపోయాడు. ఆ వారమంతా గుండయ్య జ్వరంతో మూలుగుతూనే నేస్తున్నాడు. పండరి పసుపు లాగేసి ఆకుపచ్చ దూర్చాడు. సొసైటీలో పది మంది ముందు ఆ జంపఖానా పరిస్తే గుండయ్య దాన్ని తడిమి చూసి, ఒక్క మాటైనా అనకుండా తల దించుకున్నాడు. కాదనలేదుగా అని పండరి సర్దిచెప్పుకున్నాడు. ఎంత సిగ్గుమాలిన సర్దుబాటు! వారం తిరక్కుండా గుండయ్య నేత మానేసి, హసన్‌పర్తిలో ఒక కాలేజీకి వాచ్‌మన్‌గా వెళ్లిపోయాడు. గుండయ్య ఇంటినుంచి పెళ్లిపత్రిక వచ్చిన ప్రతిసారీ పండరికి తేదీ గుర్తుండేది కాదు. అదీ మతిమరుపే అనుకున్నాడు పాపం.

మర్నాడు హసన్‌పర్తి బస్సెక్కాడు. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న గుండయ్య అతన్ని చూసి మొహమంతా నవ్వు చేసుకుని లేచాడు.

“ఎన్నొద్దులకు తమ్మీ! రా, కూసో. చాయ్ తెప్పిస్త.”

ఆ ఆదరణకు పండరి ప్రాణం చచ్చిపోయింది. కూర్చోలేదు.

“అన్నా, ఆ ఖరాబైన జంపఖానా నీది గాదు. నేను నేసిన. నీ పచ్చపోగు నేనే ఏసిన.”

తిడతాడనుకున్నాడు. చెంప పగలగొట్టినా బాగుండేది. గుండయ్య కుర్చీలో కూలబడి, తన అరచేతుల కేసే చూసుకుంటూ ఉండిపోయాడు.

“జొరంల నేనే నేసిననుకున్న. ఎంత యాది చేసుకున్నా యాదికి రాలే. ఇగ నా చేతుల పనైపోయిందనుకున్న. గందుకే మగ్గం దిగిన,” అన్నాడు మెల్లగా.

వేళ్లు ఒకసారి ముడిచి, విప్పాడు. తర్వాత తల ఎత్తి, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

“అయితే నా చేతులు మంచిగనే ఉండెనా?”