మావ అనే ముందు

మా పెద్దమ్మ పోయింది. ఆదివారం ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూ గుమ్మంలోనే కూలబడిపోయిందట. ఫోన్ వచ్చేసరికి నేను తాకేటా పేటకు పోయే బస్సులో ఉన్నాను. "సయామా లేదే ఇక" అంది పక్కింటావిడ. బర్మా మాటలో సయామా అంటే పంతులమ్మ. మా వీధిలో తెలుగువాళ్లకూ బర్మావాళ్లకూ ఆవిడ సయామాయే. నాకు మాత్రం అమ్మకు అక్క, అమ్మ పోయాక అమ్మ.

మెత్తటి మనిషని అబద్ధం చెప్పను. సాయంత్రాలు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతూ, సగం బర్మా మాటల్లో తిట్టేది. టీ పల్చగా ఉంటే ఇల్లు పీకి పందిరేసేది. అయినా పిల్లలకు ఏ కష్టమొచ్చినా ఆవిడ కొంగే పట్టుకునేవారు.

మనవాళ్లకు ఒక అలవాటుంది. గుమ్మంలోకి వచ్చిన ప్రతి మగవాణ్నీ పిల్లల చేత "మావ" అనిపిస్తాం. బర్మావాళ్లు పెద్దవాళ్ల పేరు ముందు పెట్టే "ఊ" అనే మాటా అలాంటిదే. ఆ మాట అన్నాక మనిషి ఇంటివాడైపోతాడు. ఇక ఎవరూ ఏమీ అడగరు.

ఆమధ్య నా కూతురి స్కూలు వ్యానుకు, అదే మేం ఫెర్రీ అంటాం, కొత్త డ్రైవరు వచ్చాడు. నవ్వు మొహం, మన భాష. వారం తిరక్కుండా వీధి పిల్లలందరికీ మావ అయిపోయాడు. పెద్దమ్మ మాత్రం గుమ్మంలోంచే, "ఏ ఊరి మావే వీడు? ఇంతకుముందు ఎక్కడుండీవోడు?" అంది. ఒక్కరికీ తెలీదు.

ఆవిడ ఊరుకునే రకమా! అతను అహ్లోన్‌లో ఉండేవాడని ఆరా తీసి, బస్సెక్కి వెళ్లింది. ఒక పసిపిల్లను పాడుచేసిన కేసులో కోర్టు అతనికి జైలుశిక్ష వేసిందని, అది అనుభవించి బయటికొచ్చాడని అక్కడ చెప్పారు. పుకారేమో అనుకుని ఆ పిల్ల అమ్మమ్మను కలిసింది, పేట పెద్దనూ అడిగింది. అంతా నిజమే. అహ్లోన్‌లో అందరికీ తెలిసిన సంగతి పజుండాంగ్ కాలవ ఇవతల మా పేటలో ఎవరికీ తెలీదు.

"కాలవ దాటితే కొత్త మనిషైపోతాడేటే?" అని ఇంటికొచ్చి అరిచింది. పిల్లల్నందరినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ సాయంత్రం తల్లిదండ్రులందరికీ చెప్పింది. మగవాళ్లు కర్రలు తీశారు. పెద్దమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది. "ఎవుడూ చెయ్యెత్తద్దు. సిచ్చ కోర్టు ఏసింది. పిల్లల్ని కాసుకోడం మన పని." ఫెర్రీ యజమాని అతన్ని పనిలోంచి తీసేశాడు. రేవులో బస్తాలు మోసే పని మాత్రం పెద్దమ్మే మాట్లాడి పెట్టించింది. అక్కడా మేస్త్రీకి ఉన్నదున్నట్టు చెప్పింది. నాకు ఒళ్లు మండింది. "ఆడూ బతకాలి గదే. పిల్లల కాడ కాదు, అంతే" అంది.

తర్వాత ఆవిడ పాత శిష్యురాలు ఒకమ్మాయి, పరాయి దేశంలో ఇళ్లలో పిల్లల్ని చూసుకుంటోంది, ఫోన్ చేసింది. అక్కడ ఇలాంటి నేరాలు కోర్టులో రుజువైతే ప్రభుత్వం పేర్లు నమోదు చేస్తుందట. ఇల్లు మారినప్పుడల్లా పోలీసులకు చెప్పి తీరాలట. కొందరి ఫొటో, ఉండే చోటు ఎవరైనా ఫోన్లోనే చూసుకోవచ్చట.

"అందులో లేనోడు మంచోడేనేటి?"

"కాదు సయామా. కోర్టుదాకా రానోళ్లు అందులో ఉండరు. ఎక్కువమంది ఇంటికి తెలిసినోళ్లే. అందుకే పిల్లలు చెప్పింది కూడా వినాలి."

"మనకి అలాటిది లేదు. ఐతే ఏటి? నోళ్లు లేవా, కాళ్లు లేవా?" అంది పెద్దమ్మ.

అప్పటినుంచి మా వీధిలో ఒకటే కట్టుబాటు. డ్రైవరు కానీ ట్యూషన్ మాస్టారు కానీ, పిల్లల్ని అప్పజెప్పే ముందు ఇద్దరం అతని పాత పేటకు వెళ్లి అడిగి వస్తాం. రుజువైనదే చెబుతాం, తల్లిదండ్రులకే చెబుతాం. అడిగి వచ్చాకే మావ. పాదిరిగారి తమ్ముడికీ మినహాయింపు లేదు. ఆయన చిన్నబుచ్చుకుంటే, "అడిగితే అరిగిపోతావేటి బాబూ?" అని నవ్వేసింది.

సమాధి దగ్గర నుంచి తిరిగొస్తుంటే ఒకాయన నా దగ్గరకొచ్చాడు. మర్యాదస్తుడు, కళ్లు తడిగా ఉన్నాయి. సయామా చెప్పే చదువు ఆగిపోకూడదు, పిల్లలకు అక్షరాలు తను చెబుతానన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. "మావకి దండం పెట్టమ్మా" అంది పక్కింటావిడ నా కూతురితో.

పిల్ల చేతులు లేవలేదు. "ఈయన గురించి ఎవరు అడిగొచ్చారమ్మా?" అంది.

ఆ రోజు కూడా అడగాలా అనిపించింది. కళ్లు తుడుచుకుని, "ఇంతకుముందు ఎక్కడుండేవారు బాబూ?" అన్నాను.

"ఏటి అవతల దలాలో అమ్మా. వెళ్లి అడగండి" అన్నాడాయన, నొచ్చుకోకుండా.

మర్నాడు పెద్దమ్మ గొడుగు పట్టుకుని, పక్కింటావిడతో దలా పడవ ఎక్కాను. రేవు వదిలాక వెనక్కి చూస్తే, నా కూతురు గట్టు మీదే నిలబడి ఉంది, మావ అన్న ఆ ఒక్క మాట ఆయన్ని ఇంకా అనకుండా.