గురవయ్య తడిగుడ్డ

గురవయ్య మీద నాకు మొదట కలిగింది కోపం. ఆ మనిషి గురించి చెప్పాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతో వచ్చింది, బ్యాంకులో నా దగ్గర పనిచేసినవాళ్లు ఎవరినడిగినా చెబుతారు.

కిందటేడు శ్రావణమాసంలో మా ఆవిడ జయలక్ష్మికి కడుపులో ఆపరేషన్ అయింది. మేముండేది న్యూ టౌన్‌లో, ఆసుపత్రి ఏక్‌బాల్‌పూర్‌లో. అంటే కలకత్తాకి ఆ కొస నుంచి ఈ కొస. ఆపరేషన్ తర్వాత లోపల చీము పట్టిందని ఐసీయూలో ఉంచారు. రాత్రి పది దాటితే మాలాంటివాళ్లని లోపల ఉండనివ్వరు. "దగ్గర్లోనే ఉండండి. ఫోను చెయ్యగానే రావాలి. ఎప్పుడైనా సంతకం అవసరం పడొచ్చు" అన్నారు. దగ్గర్లో అంటే ఎక్కడ? లాడ్జీలో గది తీసుకుంటే నిద్రపోతానేమోనని భయం. ఆ వీధులన్నీ కొలుచుకుంటూ తిరిగి తిరిగి, ఒక సందు మలుపులో తెలుగు మాట వినిపిస్తే ఆగిపోయాను.

అదొక హోటలు. బోర్డు లేదు, తలుపులు ఉన్నా మూసిన ఆనవాలు లేదు. రేకుల కప్పు, ఆరు బల్లలు, పొయ్యి దగ్గర పీట మీద ఒక పెద్దావిడ. ఆవిడే అప్పలకొండమ్మ. ఓడరేవు డాక్‌లో రాత్రి పని దిగినవాళ్లు, లారీలవాళ్లు, క్యాబులు నడిపేవాళ్లు, ఆసుపత్రి బయట పడ్డ నాలాంటివాళ్లు, ఎవరు ఏ జాములో వచ్చినా అన్నం వేడిగా ఉండేది. బెంగాలీలు, బీహారీలు, మనవాళ్లు, అందరికీ ఆవిడ మాసీ, అంటే పిన్ని. ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కోవాలి, అదొక్కటే అక్కడి చట్టం.

నాకు టీ ఇచ్చి, మొహం చూసి, "ఏ వార్డు బాబూ?" అంది.

"ఐసీయూ."

ఆవిడ నా ఫోను తీసుకుని మసాలా డబ్బాల అరమీద చార్జింగుకి పెట్టింది. అలా ఆరు రాత్రులు. ఒక్క టీ తాగి తెల్లారేదాకా కూర్చున్నా నన్ను లెమ్మన్నవాళ్లు లేరు. నాలుగింటికి ఇంత అన్నం, చేపల పులుసు ముందు పెట్టి, "తినండి. అమ్మగారు కళ్లు తెరిసినపుడు మిమ్మల్ని సూసి బయపడిపోకూడదు గదా" అనేది. సొంత తమ్ముడు కూడా అలా అనలేదు నాతో. పళ్లెంలోకి తలవంచుకుని ఏడ్చాను. యాభైనాలుగేళ్లవాణ్ణి, ఆఫీసరుని, ఏడ్చాను.

ఏడో రాత్రి వెళ్లేసరికి పీట మీద ఆవిడ లేదు. బనీను, లుంగీ, భుజాన తడిగుడ్డ, బిగుసుకున్న మొహం. ఆవిడ భర్త గురవయ్యట.

ఇక్కడ వాళ్ల సంగతి కాస్త చెప్పాలి. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవే. గురవయ్యది సోంపేట పక్క. పంతొమ్మిదో ఏట హౌరాలో రైలు దిగి, డాక్‌లో బస్తాలు మోశాడు. నడుం దెబ్బతిన్నాక భార్యని తీసుకొచ్చి ఈ హోటలు పెట్టాడు. డాక్ రాత్రీ పగలూ నడుస్తుంది కాబట్టి హోటలూ రాత్రీ పగలూ నడవాలి. మనుషులా ఇద్దరే. అందుకని పగలు ఆయన, రాత్రి ఆవిడ. ఇరవయ్యారేళ్లు అదే లెక్క. వెనక సందులో ఒక గది, అందులో ఒకటే మంచం. ఆవిడ లేచాక ఆయన, ఆయన లేచాక ఆవిడ. మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకునేది రాత్రి తొమ్మిదింటికి ఓ అరగంట, పొద్దున్న ఆరింటికి ఓ అరగంట. ఆ అరగంటలోనూ మాట్లాడుకునేది ఏ గిన్నెలో ఏముంది, ఉప్పు సరిపోయిందా లేదా అనే. అదేం కాపురమని మీరనొచ్చు. నేనూ అన్నాను. "మరేటి సెయ్యమంటారు బాబూ, పొయ్యి ఆరకూడదు గదా" అన్నాడు గురవయ్య, నాకే బుద్ధి లేనట్టు.

ఆరో రాత్రి తెల్లారి నేను వెళ్లాక అప్పలకొండమ్మ పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. బీపీ మితిమీరిందనీ, ఇకమీదట రాత్రి నిద్ర మానితే పక్షవాతం వచ్చితీరుతుందనీ డాక్టరు కసిరాడు. హోటలు రాత్రిపూట మూసేస్తే సరిపోతుందని ఎవరైనా అంటారు. ఆవిడ ఒప్పుకోదు. రాత్రి వచ్చేవాళ్లు ఎక్కడికి పోతారని అడుగుతుంది. అందుకని గురవయ్య అన్నాడు: "నాను సూస్తాను రేతిరి. నువ్వు తొంగో." ఆవిడకి నమ్మకం కుదరలేదు. సరిగా చూడకపోతే మర్నాడే వచ్చి కూర్చుంటానంది. వచ్చి కూర్చుంటే మనిషి దక్కదు. ఆ ముసలాయన భుజాల మీద ఆ రాత్రి అంత బరువుంది. అది నాకు తెలిస్తేగా.

పని అప్పగించేటప్పుడు ఆవిడ రెండు గంటలసేపు అన్నీ చెప్పిందిట. ఎవరికి కారం ఎక్కువ, ఎవరు ఉల్లిపాయ ముట్టరు, ఏ లారీ ఎన్నింటికొస్తుంది, అన్నీ. రాత్రి వచ్చినవాణ్ణి లెమ్మనకూడదని మాత్రం చెప్పలేదు. అదీ చెప్పాల్సిన మాటేనని ఆవిడకి తోచలేదు.

పగటి సంగతి వేరు. డాక్ వాళ్లకి భోజనానికి అరగంటే టైము. ఒకడు తింటూంటే వెనక ఇద్దరు నిలబడి ఉంటారు. తినేవాడు చెయ్యి కడగ్గానే గురవయ్య తడిగుడ్డ బల్ల మీద పడుతుంది, వాడు లేస్తాడు. ఎవరూ ఏమీ అనుకోరు. ఇరవయ్యారేళ్లు అలాగే చేసిన చెయ్యి అది.

ఆ రాత్రీ నా టీ అయిపోగానే గుడ్డ పడింది. నేను కదల్లేదు. గ్లాసు తీసుకెళ్లి, మళ్లీ వచ్చి మళ్లీ తుడిచాడు.

"అయిపోనాది గదా బాబూ, లెగండి. మనుషులొస్తారు."

నాలుగు బల్లలు ఖాళీగా ఉన్నాయి. "ఎవరొస్తారయ్యా ఈ వానలో, మీ తాతా?" అన్నాను.

"ఊరికినే కూకోడానికి ఇదేటి, సత్రవా?"

అంతే. ఆరు రాత్రుల నిద్రలేమి, భయం, అన్నీ కలిసి నెత్తికెక్కాయి. నోటికొచ్చిందల్లా అని, గొడుగైనా లేకుండా వానలోకి నడిచాను. డాక్ వంతెన దాకా వెళ్లి, మూసేసిన కొట్టు చూరు కింద కూలబడ్డాను. జేబు తడుముకుంటే ఫోను లేదు. రోజూలాగే మసాలా డబ్బాల దగ్గర చార్జింగుకి పెట్టి వచ్చానని వెంటనే గుర్తొచ్చింది. గుర్తొచ్చినా లేవలేదు. వాడి మొహం మళ్లీ చూడనని భీష్మించుకు కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. లోపల నా భార్య చావుబతుకుల్లో ఉంటే నేను పంతం పట్టుకు కూర్చున్నాను. ఈ మాట ఇంతవరకూ ఆమెకి కూడా చెప్పలేదు.

అక్కడ హోటల్లో ఫోను మోగింది. ఆగి ఆగి నాలుగుసార్లు మోగాక గురవయ్య ఎత్తాడు. మళ్లీ ఆపరేషన్ చెయ్యాలి, భర్త వెంటనే వచ్చి సంతకం పెట్టాలి అన్నారు. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. అప్పుడు ఇమ్మానుయేలు అనే క్యాబ్ డ్రైవరు, "ఆ బాబు భార్య ఐసీయూలో ఉంది దాదా. మాసీ అయితే ఆయన్ని ఒక్క రాత్రీ లెమ్మనలేదు" అని చెప్పాడట. గురవయ్య గరిటె ఇమ్మానుయేలు చేతిలో పెట్టేసి, మండుతున్న పొయ్యిని వదిలేసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధిలో పడ్డాడు. కూతురి పెళ్లినాడు కూడా పొయ్యి దగ్గర ఎవరో ఒకరుండాలని తాళి కట్టిన వెంటనే వచ్చేసిన మనిషి!

నన్ను వెతికి పట్టుకునేసరికి రొప్పుతున్నాడు. లుంగీ ఎగ్గట్టి, తల మీంచి నీళ్లు కారుతూ, పాలిథిన్ సంచిలో చుట్టిన నా ఫోను అందించాడు.

"బాబూ, బేగి రండి. అమ్మగారికి సంతకవట."

ఇద్దరం పరిగెత్తాం. సంతకం పెట్టాను. తలుపులు మూసుకున్నాయి. గేటు కాపలావాడు పగలు గురవయ్య చేతి అన్నం తినేవాడే, ఆయన్ని నా పక్కన కూర్చోనిచ్చాడు. రెండు గంటలపైన అలాగే ఉన్నాం. ఆయనకి ఓదార్చడం రాదు. కాసేపయ్యాక తన అరచెయ్యి నా మోకాలి మీద పెట్టి, తియ్యడం మరిచిపోయినట్టు అలాగే ఉంచేశాడు.

చాలాసేపటికి అన్నాడు: "బాబూ, నాను సేసింది తప్పే. తిట్టండి, పడతాను. మా కొండమ్మకి మాత్రం సెప్పకండి. తెలిస్తే ఈ రేతిరే వచ్చి పొయ్యికాడ కూకుంటాది. దాని పేణం పోతాది."

చెప్పనని నేను మాటివ్వలేదు. కోపం ఇంకా పూర్తిగా పోలేదు మరి, దాచడమెందుకు.

అయిదు దాటాక డాక్టరు బయటికొచ్చి గండం గడిచిందన్నాడు. జయలక్ష్మిని అద్దంలోంచి చూపించారు. తిరిగి హోటలుకి నడిచాం. ఇమ్మానుయేలు అన్నం మాడ్చేశాడు గాని పొయ్యి ఆరనివ్వలేదు. నలుగురైదుగురు టీ తాగుతున్నారు. ఆరు కొట్టేసరికి అప్పలకొండమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అందరినీ చూసింది. అందరూ గ్లాసుల్లోకి తలలు దించేశారు. గురవయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆవిడ తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"అమ్మగారికెలగుంది బాబూ?"

"గండం గడిచిందమ్మా."

దణ్ణం పెట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "మా ముసిలోడు మిమ్మల్ని సరీగా సూసినాడా?" అంది.

గురవయ్య వీపు బిగుసుకుంది. నాకు ఆ వాన, ఆ వంతెన, మోకాలి మీద ఆ చెయ్యి, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"రాత్రంతా నా పక్కనుంచి కదల్లేదమ్మా. నా తోడబుట్టినవాళ్లు కూడా ఇలా చూడలేదు" అన్నాను.

ఆవిడ మొగుడి పాదాలకేసి చూసింది. బురద, గాజుపెంకు గీసిన గాయం, ఎండిన నెత్తురు. చాలాసేపు చూసింది. కొంగుతో కళ్లొత్తుకుని, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"నిన్న రేతిరి కన్ను మూస్తే ఒట్టు. ఈ రేతిరి తొంగుంటానయ్యా" అంది.