ఖాళీ టిఫిన్ క్యారియర్

హైదరాబాదు మారథాన్ కోసం దర్జీ మొహియుద్దీన్ పొద్దున్నే పైజామా మోకాళ్ల దాకా మడిచి, మెదక్ కోట కింది వీధుల్లో పరుగెత్తేవాడు. ఊరికే పరుగెత్తే మనిషిని ఆ ఊరు ఎరగదు. "ఏమైంది భాయ్, ఎవరికన్న పానం బాగలేదా?" అంటూ అడ్డంపడి సైకిలెక్కమనేవారు. ఆ పరామర్శలు పడలేక చేత్తో ఖాళీ టిఫిన్ క్యారియర్ పట్టుకోవడం మొదలుపెట్టాడు. దవాఖానకు అన్నం తీసుకపోతున్నాడనుకుని జనం దారి ఇచ్చేవారు. రానురాను అది చేతిలో లేనిదే కాళ్లు కదలని స్థితికి వచ్చాడు.

సంగారెడ్డిలో జరిగే పోటీలో గెలిచినవాణ్ణే మారథాన్‌కు పంపుతారు. అక్కడా క్యారియర్ గలగలమనకుండా మోచేయి బిగించి పరుగెత్తాడు. ముందున్నవాళ్లు "జరుగుండ్రి, పాపం" అంటూ పక్కకు తప్పుకున్నారు. అందరికన్నా ముందొచ్చి, రిబ్బను తెంపడానికి రొమ్ము విరిచాడు. రిబ్బను పట్టుకున్న పెద్దమనిషి దాన్ని గబుక్కున పైకెత్తి దారి ఇచ్చాడు.

"దవాఖాన గటు దిక్కున్నది భాయ్, జల్ది పో!"